స్టీరింగు దగ్గర తెల్లటి వెలుగు

కాలువగట్టు ట్రాఫిక్ ఠాణా,
విజయవాడ, 5 జూన్ 2006

గుణదల సువార్త బోధకులు తలారి జక్కయ్య గారికి,

అయ్యా,

గత శుక్రవారం ఉదయం ఏలూరు కాలువ గట్టు మలుపులో మీ జీపు గంటకు అరవై ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోయింది. అక్కడి బోర్డు మీద నలభై అని రాసి ఉంది. మేము కొత్తగా పెట్టిన కెమెరా ఈ సంగతి పట్టింది. ఫోటో జతచేశాను. ఆ మలుపులో కిందటేడు మనుషులు పోయారు, అందుకే కెమెరా అక్కడ పెట్టాం.

నడిపింది మీరే అయితే లైసెన్సు తీసుకుని ఠాణాకు రండి. వేరే వాళ్ళయితే పేరు రాయండి. ఏదీ తేలకపోతే జీపును స్వాధీనం చేసుకోవలసి వస్తుంది.

ఇట్లు,
వెంకటసుబ్బారావు, సబ్ ఇన్‌స్పెక్టర్

తా.క. ఫోటోలో డ్రైవరు కనబడటం లేదు. కెమెరా తప్పేమోనని మా కానిస్టేబుల్ ఏసుపాదాన్ని అదే ఎత్తు బండిలో పంపి తీయించాం. ఏసుపాదం మీసంతో సహా పడ్డాడు.

*

గుణదల కొండ కింద,
8 జూన్ 2006

వేగాన్ని కొలిచే ఎస్.ఐ. గారికి, హృదయాలను కొలిచేవాని సేవకుడు జక్కయ్య వందనాలు.

అయ్యా, నేను బైబిలు కాలేజీ మెట్లెక్కినవాణ్ణి కాను. తాపీపని చేసుకుంటూ, ఇటుకల మీద గ్రంథం పెట్టుకుని చదివినవాణ్ణి. అయినా అబద్ధం మాత్రం నేర్వలేదు. శుక్రవారం నాకు ఉపవాస ప్రార్థన. పొద్దున లోపలికి పోయి గడియ పెట్టుకుంటే సాయంత్రం దాకా తీయను. ఇల్లంటుకున్నా నా తలుపు కొట్టకూడదని మా ఇంట్లో కట్టడ. ఆ గదిలో ఉన్న నేను కాలువ గట్టు మీద ఎలా ఉంటాను?

పొట్టివాణ్ణి గనుక కనబడలేదంటారేమో. పొట్టివాణ్ణే. అందుకే మా నాన్న నాకు, ప్రభువును చూడటానికి చెట్టెక్కిన ఆ పొట్టి సుంకరి పేరు పెట్టాడు. కాని నేను రెండు దిండ్లు వేసుకుని కూర్చుంటాను. నా తల ఎప్పుడూ ముందు అద్దంలోంచి కనబడుతుంది.

ఇప్పుడు మీ ఫోటోనే చూడండి. సీట్లో మనిషి లేడు. స్టీరింగు మీదుగా తెల్లగా, పొగమంచులాగా, ఒక వెలుగు ఉంది. మీరు చూసి కూడా గ్రహించలేదా? ఆ సాయంత్రం ప్రార్థన ముగించి బయటికొచ్చి బానెట్ మీద చెయ్యి వేస్తే చుర్రుమని కాలింది. ఎండ అనుకున్నాను. ఏలీయా ప్రవక్తను పరలోకానికి తీసుకుపోయింది అగ్ని రథమని గుర్తొచ్చి, అక్కడే మోకాళ్ళూనాను. ఎస్.ఐ. గారూ, నా బండిని దేవదూత నడిపాడు!

మీ కెమెరా ధన్యమైనది.

ప్రభువు పొలంలో కూలివాడు,
జక్కయ్య

తా.క. ఆ ఫోటో ఇంకొకటి, కొంచెం పెద్ద సైజులో కావాలి.

*

కాలువగట్టు ట్రాఫిక్ ఠాణా,
12 జూన్ 2006

జక్కయ్య గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మా రికార్డులో డ్రైవరు పేరు రాసే చోట 'దేవదూత' అని రాసి పైకి పంపాను. వెనక్కి వచ్చింది. ఇంటిపేరు, లైసెన్సు నంబరు లేకుండా కేసు నడవదన్నారు.

పరలోకంలో ఎంత వేగం అనుమతిస్తారో నాకు తెలియదు. కాలువ గట్టు మీద మాత్రం నలభై. ఎవరికైనా అంతే.

మీ ఇంట్లో ఇంకెవరు ఉంటారు? తాళంచెవి ఎక్కడ పెడతారు? దయచేసి ఈ రెండు ముక్కలకు జవాబు రాయండి. నాకు మీ జీపు పట్టుకోవాలనే సరదా ఏమీ లేదు. ఆదివారం మీరు అందులో ఊరూరా తిరిగి వాక్యం చెబుతారనీ, అది లేకపోతే మీ సేవ ఆగిపోతుందనీ ఏసుపాదం చెప్పాడు. అందుకే ఆగాను.

ఇట్లు,
వెంకటసుబ్బారావు

తా.క. పెద్ద సైజు ఫోటో ఇవ్వలేము. ఇది స్టూడియో కాదు.

*

గుణదల,
15 జూన్ 2006

కన్నులుండీ చూడని అధికారికి, చూసినవాడి వందనాలు.

ఇంట్లో ఎవరని అడిగారు. నేనూ, నా భార్య హన్నా. ఇద్దరమే. తాళంచెవి వంటింటి మేకుకు ఉంటుంది. హన్నా ఆడమనిషి. ముప్పై ఏళ్ళుగా నా పక్క సీట్లో చీర కొంగు తలమీద కప్పుకుని, "మెల్లగా అయ్యా, గుంట అయ్యా" అనడం తప్ప బండి గురించి ఆమెకు తెలిసింది సున్న. కాబట్టి ఇంట్లో ఎవరూ లేరనే రాసుకోండి.

మీరు పెద్ద సైజు ఇవ్వకపోయినా పని ఆగలేదు. మా సంఘపెద్ద మరియదాసు ఫోటోను జిరాక్సు తీయించి, చుట్టూ రంగు బల్బులు పెట్టించి ఫ్రేము కట్టించాడు. ప్రతి సాయంత్రం సాక్ష్య కూటం. జనం కంకిపాడు నుంచి కూడా వస్తున్నారు. నేను గర్జిస్తున్నాను. "ఓ వాహనదారులారా! కెమెరా కనబడితే బ్రేకు, దాటగానే యాక్సిలేటరు! ఎదురొచ్చేవాడికి లైటు కొట్టి 'ముందు పోలీసులున్నారు' అని సైగ చేస్తారు, ముందు నరకముందని ఎవడైనా సైగ చేశాడా? పోలీసు కన్నుకు భయపడి, ఆ పై కన్నుకు భయపడరా?" అంటే ఒక లారీ డ్రైవరు లేచి, "అయ్యగారూ, పై కన్ను చలానా రాయదు గదండీ" అన్నాడు. వాడి కోసం ప్రత్యేకంగా ప్రార్థించాను.

వేగం సంగతి. యెహూ అనే రాజు రథం తోలితే దూరంనుంచే ఫలానావాడని పోల్చేవారు, అంత వేగం. ఆయనకు ఎవరూ నోటీసు పంపలేదు.

గర్జించే స్వరం,
జక్కయ్య

తా.క. మీ అత్తగారు మొన్న కూటానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మీకు తెలుసనుకుంటాను.

*

కాలువగట్టు ట్రాఫిక్ ఠాణా,
22 జూన్ 2006

జక్కయ్య గారూ,

ఇది నోటీసు కాదు. మనిషిగా రాస్తున్నాను.

మీ కూటాలు మొదలయ్యాక ఆ మలుపులో ఏం జరుగుతోందో తెలుసా? కెమెరా వేగంగా పోయేవాళ్ళ ఫోటోనే తీస్తుంది. ఈ సంగతి జనానికి తెలిసిపోయింది. తమ పక్కన కూడా దేవదూత ఉన్నాడో లేదో చూసుకోవాలని కావాలనే తోలుతున్నారు! మామూలుగా ముప్పైలో పోయే స్కూటర్లు ఇప్పుడు అరవైలో వస్తున్నాయి, నవ్వు మొహాలతో. నిన్న ఒకాయన పిల్లల్ని, పెళ్ళాన్ని ఒకే స్కూటరు మీద ఎక్కించుకొచ్చి, తల దువ్వుకుని మరీ తోలాడు. పట్టుకుంటే, "జరిమానా కడతానండీ, ఫోటో ఇవ్వండి, కొంచెం మావాడి మొహం పడేట్టు" అన్నాడు. కెమెరా స్తంభానికి ఎవరో బంతిపూల దండ వేశారు. దండ కటకానికి అడ్డం పడి ఒక రోజంతా ఫోటోల్లో పూలే.

నేను చెబితే వినరు. "మీకు విశ్వాసం లేదు సార్" అంటున్నారు. మీరు చెబితే వింటారు. ఆ మలుపులో ఎవరైనా చస్తే, నాకు కేసు, మీకు ఏమిటో మీరే ఆలోచించుకోండి.

మా ఏసుపాదం మీ గ్రంథం బాగా చదివినవాడు. ఆయన ఒక మాట చెప్పాడు. బిలాము అనే ఆయన గాడిద మీద పోతుంటే దేవదూత దారికి అడ్డంగా నిలబడి ఆపాడట. గాడిదను తోలలేదట. ఆ లెక్కన దేవదూత మా శాఖ మనిషి.

ఇట్లు,
వెంకటసుబ్బారావు

తా.క. మా అత్తగారి సంగతి ఇప్పుడే తెలిసింది. ఆవిడ నన్ను ఆ మలుపు గుండా వేగంగా తీసుకెళ్ళమంటున్నారు. పోలీసు జీపులో.

*

గుణదల,
26 జూన్ 2006

ఎస్.ఐ. గారికి, తల వంచిన జక్కయ్య వందనాలు.

మీ ఉత్తరం చదివి మొదట మండిపడ్డాను. నా గ్రంథంలోంచి నాకే పాఠమా అని. జవాబు రాద్దామని కలం తీశాను. అంతలో మరియదాసు పరుగెత్తుకొచ్చి, "అయ్యగారూ, మన కూటానికొచ్చే అంతోని ఆటో ఆ మలుపు దగ్గర కాలవలో పడింది" అన్నాడు.

పరుగెత్తాను. ఆటో చక్రాలు పైకి తేలి ఉంది. ఎక్కినవాళ్ళు ఎవరూ లేరు, దేవుని దయ. అంతోనిని నలుగురు పట్టి లాగుతున్నారు. నెత్తి నిండా గుర్రపుడెక్క, చెవిలో బురద. గట్టు మీద కూర్చోబెట్టి, "ఒరే అంతోనీ, దెబ్బలు తగిలాయా?" అన్నాను. వాడు కళ్ళు తెరిచి నన్ను చూసి మొదట అన్న మాట ఏమిటో తెలుసా? "అయ్యగారూ, ఫోటో పడిందా?"

ఎస్.ఐ. గారూ, వాడు చచ్చి ఉంటే ఆ మాట అడుగుతూ చచ్చేవాడు. నా మాట నమ్మి.

నిన్న సాయంత్రం కూటంలో రంగు బల్బులు ఆర్పించాను. "నేను చూసింది నాకు తెలియదు. వెలుగు అన్నాను, అది ఏమిటో నాకు తెలియదు. బిలాము దేవదూత ఆపేవాడు, తోలేవాడు కాడు. మిమ్మల్ని కాలవలోకి పంపేవాడికి గ్రంథంలో వేరే పేరుంది. నలభైలో పొండి. ఫోటోలో పడాలనుంటే పెళ్ళిళ్ళకు పొండి" అన్నాను. సగం జనం లేచిపోయారు. మరియదాసు ఫ్రేము చంకలో పెట్టుకుని, "మాకు మంచి దేవదూత ఉండేవాడు, పాడుచేశారు" అని ఏడ్చాడు.

ఇక కేసు. నా బండి ఎవరు నడిపారో నాకు నిజంగా తెలియదు. కాని తప్పు జరిగింది, ఎవరో ఒకరు మోయాలి. ఒకడి తప్పు ఇంకొకడు మోయడమే నేను జీవితమంతా బోధించింది. బోధించడం తేలిక. కాబట్టి నా లైసెన్సు, జీపు తాళంచెవి ఈ కవరులో పెట్టి పంపుతున్నాను. జీపును మీవాళ్ళు తీసుకుపోవచ్చు. నేను సిటీ బస్సులో తిరుగుతాను. నా ఎత్తుకు బస్సులో అందరి చంకలే కనబడతాయి. అదీ ఉపవాసంలాగే ఉంటుంది.

మీ ముద్దాయి,
జక్కయ్య

తా.క. హన్నా రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. జీపు పోతోందని బెంగ కాబోలు. ఈ కవరు అంటించడానికి జిగురు ఇవ్వమంటే గిన్నె నా చేతిలో పెట్టి లోపలికి పోయి ఏడ్చింది.

*

కాలువగట్టు ట్రాఫిక్ ఠాణా,
10 జూలై 2006

గౌరవనీయులైన జక్కయ్య గారికి,

మీ లైసెన్సు తిరిగి పంపుతున్నాను. జవాబు ఆలస్యమైనందుకు మన్నించండి. ఈలోగా కొంచెం పని పడింది.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడే ఒకావిడ ఠాణాకు వచ్చారు. మీకంటే కూడా నాలుగు వేళ్ళు పొట్టి. తెల్లచీర, కొంగు తలమీదుగా కప్పుకున్నారు. వస్తూనే, "బాబూ, ఆయన లైసెన్సు ఇచ్చెయ్యండి. బండి తోలింది నేను" అన్నారు. ఫోటో తీసి చూపించాను. ఆవిడ వేలు పెట్టి, "ఇదుగో, నా కొంగు. గాలికి ఎగిరింది. నేను దీని కిందున్నాను" అన్నారు.

ఆ శుక్రవారం మీ పక్కింటి నుస్రత్‌కు నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. ఆమె భర్త రఫీ ఆటోనగర్‌లో పనిలో ఉన్నాడు, ఆటో దొరకలేదు. హన్నమ్మ గారు మీ గది తలుపు దాకా వచ్చి చెయ్యి ఎత్తారట. కట్టడ గుర్తొచ్చి, దించి, వంటింటి మేకు దగ్గరికి పోయారు. నుస్రత్‌నూ ఆమె అత్త జహీదానూ వెనక ఎక్కించి, సీటు ఎత్తు చాలక స్టీరింగు సందులోంచి చూస్తూ పెద్దాసుపత్రికి తోలారు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఎవరికీ చెప్పొద్దని జహీదా చేత ఒట్టు వేయించుకున్నది కూడా ఈవిడే.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"ఆయన నన్ను అడగలేదు బాబూ. మీరు అడిగితే కూడా ఇంట్లో ఎవరూ లేరని రాశాడు. ఊరంతా దేవదూత అన్నాక, కాదు నేనని ఎట్టా చెప్పను? ఆయన అంత సంతోషంగా ఉండటం పెళ్ళయ్యాక చూళ్ళేదు."

"తోలడం ఎవరు నేర్పారు?"

"ఆయనే. పక్కన కూర్చుని ఆయన చేసే తప్పులన్నీ చూశాను గదా. అవి చెయ్యకుండా తోలాను."

చట్టం చట్టమే. లైసెన్సు లేకుండా తోలినందుకూ, వేగానికీ కేసు రాశాను. మెజిస్ట్రేటు గారు సంగతంతా విని, బాగా మందలించి, జరిమానాతో వదిలారు. బయటికి రాగానే ఆవిడ అడిగిన మొదటి మాట, లైసెన్సు ఎక్కడ ఇస్తారని. నేనే దగ్గరుండి రవాణా ఆఫీసుకు తీసుకెళ్ళాను. నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు మొన్న వచ్చింది.

జీపుకు ముందూ వెనకా 'ఎల్' బోర్డు కట్టించాం. ఈ ఉత్తరం తెస్తున్నది ఆవిడే. పక్కన ఏసుపాదం ఉన్నాడు. మీ గుమ్మం దగ్గర దిగి, బస్సులో తిరిగొస్తాడు, అతనికి డ్యూటీ ఉంది. లైసెన్సున్న మనిషి పక్కన లేకుండా ఆవిడ బండి కదపకూడదు. వచ్చే ఆదివారం నుంచి ఆ సీటు మీది. మీ లైసెన్సు తిరిగి ఇస్తున్నది అందుకే.

మీ శ్రేయోభిలాషి,
వెంకటసుబ్బారావు

తా.క. పక్కన కూర్చున్న మనిషి నోరు తెరవకూడదని చట్టంలో ఎక్కడా లేదు. ఆ షరతు హన్నమ్మ గారిది.