ఓడ కలపని ఆవకాయ

రంగూను,
ఆషాఢ బహుళ పంచమి.

మహారాజశ్రీ అన్నయ్యగారికి తమ్ముడు రామచంద్రం నమస్కరించి రాయునది. నేను క్షేమం. మీరూ, వదినగారూ, పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని నాన్నగారు నేర్పారు కాబట్టి ఇంతవరకూ మర్యాదగా రాశాను. ఇక్కడి నుంచి కోపంతో రాస్తున్నాను. కూర్చుని చదవండి. పైకి చదవండి, వదినగారు కూడా వినాలి.

మీ ఆవకాయ చేరింది.

మరిచిపోయి ఉంటారేమోనని మళ్ళీ చెబుతున్నాను. ఈ సరుకు ఎందుకు పంపమన్నాను? రెండేళ్ళుగా జెట్టీలో బియ్యం బస్తాలు మోసి మోసి నా కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. ఇక్కడ మన తెలుగువాళ్ళకి వెచ్చాలమ్మే పేర్రాజుగారు, “మీ గోదారి ఆవకాయ ఓడలో చెడకుండా వస్తే మిమ్మల్ని కొట్లో కూర్చోబెడతానండీ, బస్తాలు మానేద్దురుగాని” అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని మీకు నాలుగు ఉత్తరాలు రాశాను. జాడీలు ఏ సైజువో రాశాను. పెట్టెల్లో కొబ్బరి పీచు ఎంత మందాన పరచాలో రాశాను. మూతకు మైనం, మైనం మీద గుడ్డ, గుడ్డకు పురికొస, అన్నీ రాశాను. మూడో రోజు తిరగకలపమని మాత్రం రాయలేదు. రాయాలా? బుద్ధెరిగినప్పటినుంచీ ఆవకాయ తింటున్న మనిషికి, మూడో రోజు అడుగునున్న ఊట పైకి తెచ్చి కలిపి, ఉప్పు చూసి, ముక్క మునిగేలా మళ్ళీ నూనె పోస్తారని రంగూను నుంచి రాయాలా?

పెట్టెలు బాగా కట్టారు, కాదనను. నలభై జాడీల్లో ఒక్కటి పగల్లేదు. పగిలినా బాగుండేది, ఓడవాళ్ళ మీద తోసేసి తప్పించుకునేవాణ్ణి.

యుద్ధంలో బాంబులకు ఎగిరిపోయిన జెట్టీ షెడ్డు కప్పు ఇంకా వెయ్యలేదు. వానలో గొడుగు పట్టుకుని పేర్రాజుగారు మొదటి జాడీ విప్పించారు. మైనం అప్పటికే ఉబ్బి పగిలి ఉంది. మూత తీస్తే పైన వేలెడు మందాన తెల్లటి బూజు, అడుగున గడ్డకట్టిన ఉప్పు. రెండోదీ అంతే. పన్నెండోదీ అంతే. నాతో బస్తాలు మోసేవాళ్ళంతా చుట్టూ చేరారు. వచ్చే నెల నుంచి వీడు కొట్లో దొరబాబులా కూర్చుంటాడని నన్ను నెలరోజులుగా ఏడిపిస్తున్నది వాళ్ళే.

“ఏమండీ రామచంద్రంగారూ, మీ అన్నగారు ఆవకాయ పంపేరా, అటక మీద బూజు దులిపి పంపేరా?” అన్నారు పేర్రాజుగారు.

“ఆయ్” అన్నాను. నలభై జాడీలూ నా చేత్తోనే ఏట్లో పారబోశాను. వదినగారు కూర్చుని తుడిచిన ముక్కలు అవి. నాకు ఏడుపొచ్చింది. రాయడానికి సిగ్గేమీ లేదు, వచ్చింది.

ఇక మీ జాబు. సరుకుతోనే వచ్చింది. “ఓడ తేదీ దగ్గరపడింది గనుక కలిపిన సాయంత్రమే మూతలకు మైనం పోయించేశాను. మూడో రోజు సంగతి దిగులుపడకు, సముద్రం ఊపుకి ఓడే కలిపేస్తుంది” అని రాశారు. మీ దస్తూరీయే. పైగా ఆ ముక్క కింద గీత కూడా గీశారు. ఓడ కలుపుతుందా? ఓడ ఉప్పు చూస్తుందా? ఓడేమన్నా మనింటి కోడలా అన్నయ్యగారూ, చెయ్యి తడి లేకుండా తుడుచుకుని వచ్చి జాడీ కలపడానికి?

అసలు సంగతి మలికిపురం సూరన్న చెప్పాడు. అతనూ అదే ఓడలో వచ్చాడు. ఓడ ఆలస్యమై మీ పెట్టెలు కాకినాడ గిడ్డంగిలో అయిదు రోజులు పడున్నాయట. అయిదు రోజులు! మీరు ఆ పెట్టెల మీదే కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి ఎగుమతి వ్యాపారం గురించి చెప్పారట. ఇంకోటి కూడా చెప్పాడు. “మూడో రోజు కలపకుండా మూతలు వెయ్యకండి” అని వదినగారు అంటే, “ఓడల సంగతి నీకేం తెలుసే” అన్నారట మీరు.

ఆవిడ మీతో వాదించలేదు. ఒక్క జాడీ వెనక్కి పెట్టారు. మూడో రోజు కలిపి, నూనె పోసి, పాత చీర ముక్కతో మూత కట్టి, “మా మరిదిగారికి ఇవ్వండి బాబూ” అని ఓడ ఆలస్యమని ఇంకా బయల్దేరని సూరన్న చేతికిచ్చారు. అవే కాయలు, అదే కారం, అదే ఓడ, అదే సముద్రం. మూత తీసేసరికి గదిలో పడుకున్నవాళ్ళు కూడా లేచి కంచాలు తెచ్చుకున్నారు.

వాళ్ళ దగ్గర్నుంచి జాడీ లాక్కుని తిన్నగా పేర్రాజుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన వేడన్నంలో కలుపుకుని, రెండో ముద్ద తిన్నాక తలెత్తారు.

“ఇది ఎవరు కలిపేరండీ?”

“మా వదినగారండీ.”

“మరి మొన్నటిదో?”

“అదీ ఆవిడేనండీ. మా అన్నయ్య తొందరపడి మూతలు వేయించేసేరండీ.”

“అయితే ఇక మీదట మూత ఎప్పుడు వెయ్యాలో ఆవిణ్ణే చెప్పమనండి. మీ అన్నగారిని పెట్టెలు మోసుకురమ్మనండి, చాలు.”

కానీ మామిడికాయల రోజులు వెళ్ళిపోయాయి. కార్తీకంలో ఉసిరికాయ పంపితే చూస్తానన్నారు. అది కుదిరితేనే కొట్టు. అందాకా నాకు జెట్టీయే. మీ తొందరకి నా భుజం మీద ఇంకో నాలుగు నెలల బస్తాలు పడ్డాయి. ఇది మీరు మరిచిపోయినా నేను మరిచిపోను.

నా ఒంటికేమీ ఫర్వాలేదు. నిజంగానే ఫర్వాలేదు, వదినగారిని బెంగపడొద్దనండి. వాన తెరిపివ్వడం లేదు, బట్టలు ఆరడం లేదు, అంతే. ఎవరైనా వస్తుంటే భుజానికి రాసుకోవడానికి మన గానుగ కొబ్బరినూనె ఓ సీసా పంపండి. పెదనాన్నగారికి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. వదినగారి పాదాలకు నమస్కరించానని చెప్పి, ఆవిడ దీవెన అడగండి. మీ దీవెన కార్తీకంలో అడుగుతాను.

ఆఖరున ఒక్క ప్రశ్న. వదినగారికి చదువు రాదు, చదివి వినిపించేది మీరే. నచ్చని చోట్లు దాటేస్తారని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను: మూడో రోజు ఆ జాడీలో వదినగారు ఎంత నూనె పోశారు? ఆవిణ్ణి అడిగి రాయండి. అడక్కుండా మీరే ఏదో ఒకటి రాసేస్తే నాకు తెలిసిపోతుంది. ఆవిడ పోస్తుంటే సూరన్న పక్కనే ఉన్నాడు.

ఇట్లు,
మీ తమ్ముడు
రామచంద్రం