పట్టాలు లేని చోటికి

ఏమండీ,

పప్పు కుక్కర్లో ఉంది, రెండింటికి డ్యూటీ దిగి రాగానే వేడి చేసుకుని తినండి. గ్యాస్ కట్టేయడం మరిచిపోకండి. పాలవాడికి పది రోజులు వద్దని చెప్పేశాను.

నేను స్టేషన్‌కి వెళ్తున్నాను. సాయంత్రం నాలుగింటికి హౌరా బండి. ఎల్లుండి, మంగళవారం పొద్దున్న, కోల్‌కతాలో విమానం ఎక్కి అండమాన్ వెళ్తాను.

విమానం మాటెత్తితే "మనలాంటోలకి ఇమానాలేటే?" అని నవ్వారు. ఇరవై ఆరేళ్లుగా మీ రైల్వే పాసు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికే వచ్చాను. సముద్రం మీద పట్టాలు వేయలేదని ఆ దీవి చూడకుండానే పోవాలా? మన రాయ్‌పూర్ నుంచి టిక్కెట్ ఎంతని అడిగితే ధర విని కళ్లు తిరిగాయి. అందుకే రెండు నెలలు రోజూ ఫోన్‌లో వెతికాను. కోల్‌కతా నుంచి, వానాకాలంలో, మంగళవారమైతే సగానికి సగం తక్కువ. నా కుట్టుపని డబ్బుతోనే కొన్నాను.

రేపటి నుంచి మీకు సెలవు. ఇంటికి సున్నం వేయిద్దామన్నారు. గోడలు ఎక్కడికీ పోవు. టిక్కెట్లు రెండు తీశాను. చౌకవి కాబట్టి వాపసు తీసుకోరట. మీరు రాకపోతే మీ సీటు ఖాళీగా వెళ్తుంది గాని నేను మాత్రం ఆగను. ఎదురుగా నిలబడి మీరు వద్దంటే ఆగిపోతానేమోనని భయం, అందుకే ముందే బయలుదేరాను.

దాలమ్మ

మీ బట్టలూ ఆధార్ కార్డూ నా పెట్టెలోనే ఉన్నాయి. బీపీ మాత్రలు మీరే తెచ్చుకోండి. కిటికీ సీటు నాది, అడగకండి.