అత్తయ్యకు తినిపించడం

నవంబరు 3
నోయిడా ఆసుపత్రి. అత్తయ్య ఇంకా ఐసీయూలోనే. పక్షవాతం, కుడిపక్క పడిపోయింది. మాట లేదు. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం — తిండి అందులోంచే. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు చూడనిస్తారు. మిగతా వేళంతా లాబీలో కుర్చీ.
సుభద్ర సంవత్సరీకం ఇంకా కాలేదు. అప్పుడే ఆమె తల్లికి ఇది. ఒక్కతే కూతురు. మాకూ పిల్లల్లేరు. సంతకాలన్నీ నావే.
కౌంటర్‌లో అమ్మాయి — ‘పేషెంట్‌కి మీరేమవుతారు?’
‘అల్లుణ్ణి.’
‘బేటా నహీ హై?’ కొడుకు లేడా అని.
‘నహీ.’

నవంబరు 6
గదిలోకి మార్చారు. మింగగలదో లేదో చూడటానికి థెరపిస్టు వచ్చింది. చెంచా నా చేతికిచ్చింది. ‘మీరే పెట్టండి అంకుల్. ఇంట్లోవాళ్ల చేత్తో అయితే పేషెంట్లు భయపడరు.’
అత్తయ్య పెదవులు బిగబట్టింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. మొహం పక్కకు తిప్పుకుంది.
నోటితో తీసుకోవడం లేదని ఫైల్లో రాసుకుని వెళ్లిపోయింది.

నవంబరు 8
ఇక్కడ ఇక చేసేదేమీ లేదన్నారు. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో బెడ్ దొరికింది. అంబులెన్సులో వెళ్లాం. నోయిడాలో ఏ పనీ నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇక్కడ నేను తప్ప ముట్టుకునేవాళ్లు లేరు. స్ట్రెచర్ తోయాలి, రక్తం సీసాలు ల్యాబుకు మోయాలి, దుప్పటి మార్చాలి.
ఆడవాళ్ల వార్డు. రాత్రి మగవాళ్లు ఉండకూడదట. సిస్టర్ — ‘ఘర్ మే కోయీ లేడీస్ నహీ?’
‘థీ’ అన్నాను. ఉండేది.

నవంబరు 9
కొత్త డాక్టరు. మొదటినుంచీ మళ్లీ చెప్పాను. సగం విన్నాడు. పాత ఫైల్లోది కొత్త ఫైల్లోకి ఎక్కింది — నోటితో తీసుకోవడం లేదు.

నవంబరు 10
పక్క బెడ్ ముసలామె కూతురు కమలేశ్. రోహ్‌తక్ మనిషి, గొంతు పెద్దది. వాళ్లమ్మ సీసాలు కూడా నేనే ల్యాబుకు తీసుకెళ్తున్నాను. బదులుగా ఆమె అత్తయ్య బట్టలు మారుస్తోంది. రాత్రి కూడా చూస్తానంది. ‘భాయీ సాబ్, మీరు వరండాలో పడుకోండి. గురక మాత్రం పెట్టకండి, నిన్న ఇక్కడిదాకా వినిపించింది.’

నవంబరు 11
ల్యాబునుంచి వచ్చేసరికి కమలేశ్ అత్తయ్యకు పప్పునీళ్లు పడుతోంది. చెంచా తర్వాత చెంచా. అత్తయ్య మింగుతోంది. నేను తెర పక్కనే నిలబడిపోయాను. ఒక అడుగు ముందుకు వేశాను — అత్తయ్య నన్ను చూసింది, నోరు మూసేసింది.
సిస్టర్ కమలేశ్‌ను తిట్టింది. గొంతుకు అడ్డం పడితే ఎవరిది బాధ్యత అని. నిజమే.
కానీ నాకు అర్థమైంది. మా పెళ్లయినప్పటినుంచీ అత్తయ్య నా ముందు కూర్చుని మంచినీళ్లు కూడా తాగలేదు. నేను భోంచేసి లేచి, చేయి కడుక్కుని, హాల్లోకి వెళ్లాకే వంటింట్లో ఆమె కంచం చప్పుడు. అలాంటి మనిషికి అల్లుడు చెంచాతో తినిపించడం...

నవంబరు 12
ఇక్కడి థెరపిస్టుకు చెప్పాను. మా వైపు అత్తగారు అల్లుడి ముందు తినదు, ఇంకెవరి చేతైనా పెట్టించి చూడండి అని.
‘అంకుల్, ఆమెకొచ్చింది స్ట్రోక్. శరమ్ నహీ.’ సిగ్గు కాదట.
నవ్వుతూనే అన్నాడు. రేపు చూద్దామన్నాడు.

నవంబరు 13
రేపు రాలేదు. డిశ్చార్జి వచ్చింది. బెడ్ ఇంకొకరికి కావాలి. గొట్టంతోనే ఇంటికి. కమలేశ్ అత్తయ్య జుట్టు దువ్వి జడ వేసి పంపింది.

నవంబరు 14
మయూర్ విహార్, మా ఇల్లు. ఏజెన్సీకి ఫోన్. లేడీ అటెండెంట్లు ఛఠ్ పూజకు ఊళ్లకు వెళ్లి ఇంకా తిరిగి రాలేదట. ‘జెంట్స్ అయితే ఇప్పుడే పంపుతాం సార్.’

నవంబరు 15
గొట్టంలో జావ నేనే పోస్తున్నాను. దీనికి ఆమె ఒప్పుకోనక్కర్లేదు. పోసినంతసేపూ కళ్లు మూసుకుని ఉంటుంది.

నవంబరు 17
గొట్టం లాగేసుకోబోయింది, ఎడమచేత్తో. ముక్కు దగ్గర రక్తం. చేయి మంచానికి కట్టమని ఫోన్లో నర్సు సలహా. కట్టలేదు. పక్కనే కూర్చున్నాను.

నవంబరు 18
ఇంటికి వచ్చే థెరపిస్టు దొరికాడు. పనిమనిషి శోభ ఉన్న వేళకే రమ్మన్నాను. ఆమె చేత పెట్టించాం. అతను గొంతు మీద వేలు ఆనించి చూశాడు. మెత్తని అన్నం, పెరుగు — గిన్నె సగం అయింది. దగ్గు లేదు. శోభ ‘మాజీ తో భూఖీ థీ’, పెద్దావిడ ఆకలి మీదే ఉంది, అంటూ మూతి తుడిచింది.
మింగడం బాగానే ఉందన్నాడు. గొట్టం తీసేయొచ్చు. కానీ కొంచెం కొంచెంగా రోజుకు ఆరు సార్లు పెట్టాలి. ‘దీదీ ఎంతసేపు ఉంటుంది?’
పొద్దున గంట. తర్వాత ఆమెకు వేరే ఇళ్లున్నాయి.
‘మరి మిగతా అంతా?’
‘నేను పెడతాను.’
‘పక్కా?’
‘పక్కా.’
అత్తయ్య వింటోంది.

నవంబరు 19
పొద్దున నర్సు వచ్చి గొట్టం తీసేసింది. శోభ పెట్టింది, తింది.
పదకొండుకు నేను. నోరు తెరవలేదు. ఒంటిగంటకు తెరవలేదు. మజ్జిగ, అరటిపండు గుజ్జు, ఏదీ కాదు. పెరుగన్నం గిన్నె పక్కన పెట్టి బయటికి వెళ్లి నిలబడ్డాను. తనంతట తాను తింటుందేమోనని. ఎడమచేతికి చెంచా అందింది, నోటిదాకా రాలేదు. దుప్పటి నిండా పెరుగు. మార్చాను.
సుభద్ర ఉన్నన్నాళ్లూ అత్తయ్యకూ నాకూ మాటలు ఆమె మీదుగానే నడిచేవి. ‘అబ్బాయిని స్నానానికి లేవమను.’ ‘మీ అమ్మగారిని మందు వేసుకోమను.’ ముగ్గురం ఒకే గదిలో ఉన్నా అంతే.
నాలుగింటికి మళ్లీ జావ గిన్నె పట్టుకుని కూర్చున్నాను. గుమ్మం వైపు తిరిగి, ‘సుభద్రా, మీ అమ్మగారిని ఒక్క ముద్ద...’ అన్నాను. మిగతాది రాలేదు.
ఇటు తిరిగేసరికి అత్తయ్య నా మొహంలోకి చూస్తోంది. ఇన్నేళ్లలో అలా చూడలేదు. చెంచా పెదవికి ఆనించాను. తల తిప్పుకోలేదు. నోరూ తెరవలేదు.
జావ చల్లారింది. వేడిచేసి తెస్తాను.