తమ్ముడి పేరు మీద పన్నెండు గంటలు

తొక్కుడు సంఘం కార్యదర్శిగారికి,

మూలకొట్టు దర్జీ నమస్కరించి రాసేది ఏమంటే, మా తమ్ముడి సైకిల్ రిపేరు కొట్టు మూతపడి ఏడాదైంది. దాని తలుపు మీద మీవాళ్ళు ఒక కాగితం అంటించారు. కింది సగం ఎవరో చింపుకుపోయారు. పై సగం చదివాను. నడవలేని పిల్లలకు మూడు చక్రాల బళ్ళు కొనడానికి మైదానంలో పన్నెండు గంటలు తొక్కాలట, ఎవరి బండి వాళ్ళే తెచ్చుకోవాలట, పోయినవాళ్ళ పేరు మీద కూడా తొక్కవచ్చట. ఎవరు ఎంతసేపు తొక్కితే వాళ్ళ పేరున అంత చందా వస్తుందట.

నా పేరు రాసుకోండి. మా తమ్ముడి పేరు మీద తొక్కుతాను. వాడు ఆ కొట్లోనే, చేతిలో పానా ఉండగానే, గుండె ఆగి పోయాడు. నలభై ఐదేళ్ళు. అలాంటి పిల్లల బళ్ళు ఎన్ని బాగుచేశాడో లెక్కలేదు. కూలి మాత్రం ఏనాడూ తీసుకోలేదు.

నాకు యాభై తొమ్మిది. వయసు చూసి వెనకాడకండి. ముప్పై ఎనిమిదేళ్ళుగా రోజుకు ఎనిమిది గంటలు తొక్కుతున్నాను. బడులు తెరిచే నెలలో పన్నెండు.

ఇట్లు,
దర్జీ అక్క

తా.క.: నన్ను వెలుతురులో ఉంచండి. చీకటైతే నాకు సూదిలో దారం ఎక్కదు.

•

గౌరవనీయులైన అక్కగారికి,

మీ ఉత్తరం సభలో చదివి వినిపించాను. వెంటనే ఇద్దరు గుమాస్తాలు లేచి, "మేం ఆదివారం గంటసేపు తొక్కితేనే మంచమెక్కుతాం, ఆవిడ పక్కన మా పరువేం కాను?" అని పేర్లు వెనక్కి తీసుకోబోయారు. కూర్చోబెట్టి నచ్చజెప్పాను. ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి, మీవంటి కాళ్ళ గురించి విననేలేదు.

మిమ్మల్ని మొదటి వరసలో వేశాను. తమ్ముడిగారి పేరు మీ వీపు మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నియమం ప్రకారం బండి వివరాలు పంపాలి. ఎంత పాతది? చక్రాలు ఎలాంటివి? బ్రేకు, గంట ఉన్నాయా?

భవదీయుడు,
కార్యదర్శి

తా.క.: సూదీ దారం సామెత అద్భుతం. మా పత్రికలో మొదటి పేజీకి ఎక్కిస్తున్నాం. దాని భావం ఒక్క ముక్కలో రాయగలరు.

•

కార్యదర్శి మాస్టారికి,

బండి మా అమ్మది. నల్లటి ఇనుము, ఏనుగు పిల్లంత బరువు. దించడానికి నలుగురు కావాలి. చక్రాలు రెండు. పెద్దది కింద, చిన్నది పైన. మధ్యలో తోలు పట్టా. బ్రేకంటూ వేరే లేదు, పై చక్రాన్ని అరచేత్తో పట్టుకుంటే టక్కున ఆగుతుంది. గంట ఎందుకండీ? నేను తొక్కుతుంటే వీధి చివరి ఇంటికి వినబడుతుంది.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాని మీంచి పడలేదు.

ఇట్లు,
దర్జీ అక్క

తా.క.: అది సామెత కాదు మాస్టారూ, నా చూపు. కళ్ళద్దాలు మార్చాలి. అచ్చు వేసేసి ఉంటే మాత్రం సామెతే అనుకోండి.

•

అక్కగారికి,

చక్రం మీద చక్రమా! మా మెకానిక్కుకి చూపిస్తే, "ఇలాంటివి పాతకాలం సర్కస్‌లో తొక్కేవారు, పైన కూర్చుంటే అరటి గెలలు అందుతాయి" అన్నాడు. తిరుగుతున్న చక్రాన్ని అరచేత్తో ఆపుతారన్నది చదివి కోశాధికారి మంచినీళ్ళు అడిగాడు.

మీ వెనకే అంబులెన్సు నడుస్తుంది. కాదనకండి. పార్సిల్లో శిరస్త్రాణం పంపుతున్నాను. మీ సంగతి ఊరంతా పాకింది. ఒక్క మీ పేరు మీదే ఏడు బళ్ళకు సరిపడా చందాలు రాశారు. స్వయంగా వచ్చి దర్శనం చేసుకుందామంటే ఏర్పాట్లతో ఊపిరి సలపడం లేదు.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క.: ఒక్క అనుమానం తీర్చండి. మలుపుల దగ్గర ఎలా తిరుగుతారు?

•

మాస్టారికి,

శిరస్త్రాణం అందింది. లోతుగా, నున్నగా బాగుంది. బొత్తాలు పోసుకున్నాను.

అంబులెన్సు వస్తే మంచిదే. అందులో వచ్చే నలుగురి చేతా బండి దింపించుకుంటాను. తమ్ముడి పేరు వీపు మీద నేనే కుట్టుకున్నాను, మీవాళ్ళ రంగు ఒక్క ఉతుకుకే పోతుంది.

ఇట్లు,
దర్జీ అక్క

తా.క.: మలుపుల దగ్గర నేను తిరగను మాస్టారూ. గుడ్డను తిప్పుతాను.

•

అక్కా,

మీ ఉత్తరం పోటీ రోజు పొద్దున అందింది. "గుడ్డ" దగ్గర ఆగిపోయాను. నాలుగోసారి చదువుతుండగా మీరెక్కిన వ్యాను వచ్చింది, దాంట్లోంచి కుట్టు మిషను దిగింది.

పొరపాటు జరిగిందని చెప్పాలని పరుగెత్తుకొచ్చాను. అప్పటికే మీరు స్టూలు వేసుకుని కూర్చున్నారు. "ఎప్పుడు ఊదుతారు మాస్టారూ?" అన్నారు. మీ వీపు మీద ఆ పేరు చూశాక ఈల ఊదేశాను.

మైదానం నడిమధ్య మీరు, చుట్టూ నలభై సైకిళ్ళు. మొదట నవ్వినవాళ్ళు ఉన్నారు, దాచను. మూడో గంటలో మా కోశాధికారి లాగు చిరిగింది. మీరు నిలబెట్టి కుట్టి పంపాక నవ్వులు ఆగిపోయాయి. ఎనిమిదో గంటలో ఆ గుమాస్తాలిద్దరూ గడ్డి మీద కూలబడితే, తల కూడా ఎత్తకుండా, "కాళ్ళు నొప్పులా నాయనా? నావి కూడానూ. ఊరికే కూర్చుంటే ఇంకా ఎక్కువవుతాయి" అన్నారు. సిగ్గుపడి లేచారు. చివరిదాకా వదల్లేదు.

పన్నెండు గంటలు ఆగకుండా తొక్కింది ఐదుగురే. అందులో మీరొకరు. పన్నెండు బళ్ళు అనుకుంటే పంతొమ్మిది వచ్చాయి. పంతొమ్మిదింటికీ మెత్తటి సీట్లు మీరు ఆ రోజు కుట్టినవే.

తప్పు నాది. ఇన్ని ఉత్తరాల్లో "సైకిల్" అన్న మాట ఒక్కసారైనా రాయలేదు. మిమ్మల్ని నలుగురిలో ఇబ్బంది పెట్టాను. మన్నించాలి.

మీ
డ్రిల్లు మాస్టారు

తా.క.: దూరం గడిలో నియమం ప్రకారం "సున్నా" వెయ్యక తప్పలేదు.

•

మాస్టారూ,

మన్నించమని నేను అడగాలి. బ్రేకు, గంట అని మీరు అడిగిన రోజే నాకు అర్థమైపోయింది. సైకిల్ రిపేరువాడి అక్కని, ఆ మాత్రం తెలియదూ? మీరు అడిగిన వాటికి నిజాలే రాశాను. అడగనివి రాయలేదు.

చెబితే ఏం చేసేవారు? మర్యాదగా నీడలో కుర్చీ వేసి, చప్పట్లు కొట్టమనేవారు. ఏడాదిగా అందరూ నన్ను కూర్చోబెట్టి ఓదారుస్తూనే ఉన్నారు. విసుగొచ్చింది.

మా అమ్మ పోయేనాటికి వాడికి ఎనిమిదేళ్ళు, నాకు ఇరవై ఒకటి. ఆ మిషను తొక్కే వాడికి అన్నం పెట్టాను, బడికి పంపాను, కొట్టు పెట్టించాను. వాడి కోసం ఏదైనా చెయ్యాలంటే నాకు చాతనైంది ఆ తొక్కుడే. ఇంకొక్క రోజు వాడి కోసం తొక్కాలనిపించింది. మీ పుణ్యమా అని తొక్కాను. ఆ సాయంత్రం కాళ్ళు లాగేస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

కొట్టు మళ్ళీ తెరిపించాను. మీ మెకానిక్కు వారానికి రెండు రోజులు వస్తానన్నాడు. పిల్లల బళ్ళకు కూలి లేదు. ఆ మాట బోర్డు మీద రాయించాను.

ఇట్లు,
మీ అక్క

తా.క.: వచ్చే ఏడాదికి సైకిల్ నేర్చుకుంటున్నాను. గుమాస్తాలిద్దరూ చెరోపక్కా పట్టుకుంటున్నారు. నిన్న వాళ్ళు వదిలేశాక పదకొండు గజాలు ఒంటరిగా వెళ్ళాను. పన్నెండో గజంలో పాలవాడున్నాడు. బానే ఉన్నాడు. చిరిగిన చొక్కా నేను కుట్టి ఇస్తున్నాను.