కంచె మూయని మాట

చోడవరం,
8-2-1999

ప్రభువునందు ప్రియమైన మేనకోడలు కీర్తికి,

మీ మావయ్య బంగార్రాజు వందనాలు. నువ్వూ, మీ అమ్మ అచ్చియ్యమ్మా క్షేమమని తలుస్తాను. మీ అత్త కామాక్షమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. చెరకు ట్రాక్టర్లు రోడ్డంతా నిలిచిపోయి విశాఖ బస్సులు గంట ఆలస్యంగా నడుస్తున్నాయి. క్షేమసమాచారాలు ఇంతటితో చాలు. నేను కోపంగా ఉన్నాను. దాచి రాయడం నాకు చేతకాదు.

నిన్న ఆరాధన అయ్యాక మన సంఘం సత్యారావు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. మన సహవాసానికి నువ్వు ఇంటర్నెట్‌లో తయారుచేసిన పేజీ ఉంది కదా, అందులో నా సందేశాన్ని విశాఖ పెద్దలు అచ్చు తీసి పంపారట.

"ఏటి బావా ఇది? మొదట్నించీ చివరిదాకా తిట్లే. ఒక్క దేవుడి వాక్యం నేదు. పెద్దాయన శ్యాంప్రసాద్ గారు నిన్ను అడగమన్నారు" అన్నాడు.

చదివాను. "ఓర్పు గురించి దేవుడు ఏమన్నాడో వినండి" అని రాశాను. ఆ తర్వాత వాక్యం ఉండాలి. లేదు. వెంటనే "సిగ్గులేని జనాంగమా, ఇంకా నిద్రేనా!" అన్న నా గద్దింపు ఉంది. అంటే ఓర్పు గురించి దేవుడు సెలవిచ్చింది అదన్నమాట!

పదకొండు వాక్యాలు పెట్టాను. పదకొండూ మాయం. నా సొంత మాట ఒక్కటీ పోలేదు. చెరకు తోటలో తీపి గడలే ఏరి ఏరి కొరికేసి ఉంటే అది గాలివాన పని కాదు, నక్క పని.

నా పద్ధతి నీకు తెలుసు. రాసుకునేటప్పుడు దేవుడి మాటకు రెండు పక్కలా కోణపు గుర్తులు (< >) పెడతాను. దాన్ని కంచె అంటాను. లోపలిది ఆయనది, బయటిది నాది. ప్రసంగంలో కంచె లోపలికి వెళ్ళినప్పుడు ఎడమ చెయ్యి ఎత్తుతాను. చదువురాని ముసలమ్మలు కూడా ఆ చెయ్యి చూసి తల వంచుతారు. రాజ్యం ఎస్టీడీ బూత్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని, తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వెతుక్కుంటూ కొట్టినప్పుడు కూడా అదే కంచె వేశాను. దొంగకు పని సులువు చేసి పెట్టాను.

అదే పేజీలో కొత్త బోధకుడు సంతోష్‌కుమార్ సందేశం వాక్యాలతో సహా నిండుగా ఉంది. అతనితో నీకు సంబంధం కుదిరేలా ఉందని మీ అమ్మ రాసింది. మంచిదే. 28వ తేదీ ఆదివారం పెద్దలు చోడవరం వస్తున్నారు. నా ప్రసంగం వింటారు, పేజీలో నా సందేశాలు చదువుతారు, ఏప్రిల్ మహాసభల్లో ముఖ్య సందేశం నాదో సంతోష్‌కుమార్‌దో ఆ రోజే తేలుస్తారు. ఇరవై రెండేళ్లుగా నేను నిలబడిన చోటు అది. నేను ఎవరి మీదా నింద వెయ్యడం లేదు. అడుగుతున్నానంతే. కత్తెర ఎవరి చేతిలో ఉంది?

నీకు అక్షరాలు దిద్దించిన
మావయ్య
బంగార్రాజు


విశాఖపట్నం,
12-2-1999

ప్రియమైన మావయ్యకు,

వందనాలు. మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేదు. వినిపిస్తే ఇవాళ బస్సెక్కి మీ మీదకు వచ్చేది.

కత్తెర ఎవరి చేతిలోనూ లేదు. మీ కంచే వాక్యాలను మింగింది. నవ్వకండి, పూర్తిగా చదవండి.

పెళ్లి శుభలేఖలు అచ్చువేసేవాడు పేర్ల చోటు ఖాళీ వదిలి ఒక నమూనా ఉంచుకుంటాడు కదా. మన పేజీ కూడా అలాంటి నమూనాయే. మీరు బూత్‌లో కొట్టి పంపింది ఆ ఖాళీలో పడుతుంది. పేజీని తెర మీద చూపించే కంప్యూటర్‌కు "ఇక్కడ అక్షరాలు దళసరిగా వెయ్యి", "ఇక్కడ కొత్త పేరా" అని మేము ఆజ్ఞలు రాస్తాం. ఆ ఆజ్ఞలకు రెండు పక్కలా పెట్టే గుర్తులు సరిగ్గా మీ కోణపు గుర్తులే. మీ వాక్యాన్ని కూడా ఆజ్ఞ అనుకుంది. తనకు తెలియని ఆజ్ఞ వస్తే అది తప్పు అనదు, ఇదేమిటని అడగదు. చప్పుడు చెయ్యకుండా మింగేసి ముందుకు పోతుంది. సంతోష్ గుర్తులు పెట్టడు కాబట్టి అతని సందేశం మొత్తం కనబడింది.

ఇది నేను ముందే చూసుకోవలసింది. బయటివాళ్ల మాటలను ఖాళీలో ఉన్నదున్నట్టు పడనివ్వకూడదు. ఎవడైనా గిట్టనివాడు ఆ దారినే ఆజ్ఞలు పంపి పేజీ అంతా పాడుచెయ్యగలడు. ఇప్పుడు సరిచేశాను. మీరు పంపిన మాటల్లో ఆ గుర్తు వస్తే, గుర్తుకు బదులు దాని పేరు రాసి ఖాళీలో పెడుతుంది నా ప్రోగ్రాం. అప్పుడు కంప్యూటర్ దాన్ని ఆజ్ఞగా తీసుకోదు, బొమ్మగా చూపిస్తుంది. ఇంకో పని కూడా చేశాను. కంచె తెరిచిన చోటు నుంచి మూసిన చోటు దాకా దళసరి అక్షరాలు పడతాయి. మీరు ఎత్తే చెయ్యి పేజీలో కూడా కనబడాలని.

మళ్ళీ పంపి చూడండి. అత్తకు నా ముద్దులు.

మీ
కీర్తి


చోడవరం,
18-2-1999

కీర్తికి,

ప్రతి ఆత్మనూ నమ్మెయ్యకుండా పరీక్షించి చూడమన్నారు. పరీక్షించాను. సోమవారం నాలుగు వరుసల చిన్న సందేశం పంపాను. సరిగ్గానే వచ్చింది, వాక్యం దళసరిగా, ముచ్చటగా. నీ మీద అనుమానపడ్డందుకు సిగ్గుపడ్డాను కూడా. ఆ సిగ్గు ఒక్క రోజు నిలిచింది.

మంగళవారం రెండు గంటలు బూత్‌లో కూర్చుని, పెద్దలు చదవవలసిన అసలు సందేశం పంపాను. నమ్మకద్రోహం మీద తొమ్మిది పేరాలు. నిన్న వెళ్ళి చూస్తే నా పేరు, తేదీ, కింద తెల్లటి పేజీ. మొదట వాక్యాలు పోయాయి. ఇప్పుడు నేనే పోయాను.

రాజ్యాన్ని నిలదీశాను. ఆమె భయపడే మనిషి కాదు. "అయ్యగారూ, మీరు పంపింది ఎల్లింది. అందినట్టు ఆడనించి కబురు కూడా వచ్చింది, సూడండి. అందేక ఎవులు తినేసేరో నాకేటి తెలుస్తాది?" అంది.

విన్నావా? అందిందట. చిన్న సందేశం దాటనిచ్చి, పెద్దలు చదివేదాన్ని మాత్రం ఆపారు. గురువును ముద్దుపెట్టుకుని పట్టించినవాడు కూడా అంత దగ్గరి మనిషే. ఇది యంత్రం చేసిన పని అని ఇంకోసారి రాయకు. యంత్రానికి పెళ్లి సంబంధాలు ఉండవు.

మీ అత్త అడ్డు పడుతోంది. "గుంట అలాటిది కాదు. దాన్ని అడక్కండా పదిమందిలో అనేస్తే మీకే పాపం" అంటోంది. నిన్ను అడిగాను. నువ్వు జవాబిచ్చావు. ఆ జవాబు ఇప్పుడు తెల్లకాగితమై నా ముందుంది. 28న పెద్దల ముందు, సంఘం ముందు, నీ పేరూ అతని పేరూ చెప్తాను. ఆ తర్వాత మీ పెళ్లికి ఏ సంఘం తలుపు తీస్తుందో చూద్దాం.

ఇట్లు,
బంగార్రాజు


విశాఖపట్నం,
23-2-1999

ప్రియమైన మావయ్యకు,

మీరు "ప్రియమైన" మానేశారు. నేను మానను.

ఆ తెల్లపేజీ నా తప్పే. ముందు అది ఒప్పుకుంటున్నాను. మొదటి తప్పు తెలియక చేసింది, ఇది తెలిసి చేసింది.

గుర్తులను మార్చే పని రాసేటప్పుడు, ఆ పని మధ్యలో చెడితే ఏం చెయ్యాలో కూడా రాయాలి. పాడైన పేజీ కంటే ఖాళీ పేజీ నయం కదా అనుకున్నాను. "కుదరకపోతే ఖాళీ వదిలెయ్యి" అని రాశాను. ఎవరికీ చెప్పమని రాయలేదు, నాకైనా సరే. పైగా పంపినవాళ్లకు "అందింది" అని కబురు. ప్రవక్త కాపలావాళ్లను మొరగని కుక్కలని తిట్టాడని చిన్నప్పుడు మీరే చెప్పారు. నేను అలాంటి కుక్కను కట్టి, గుమ్మం భద్రంగా ఉందనుకున్నాను.

ఇప్పుడు మార్చాను. పని చెడితే ప్రోగ్రాం ఆగుతుంది. మీరు పంపినదాన్ని అక్షరం పోకుండా పక్కన దాస్తుంది. ఎక్కడ, ఎందుకు ఆగిందో చెబుతుంది. పేజీలో కూడా "ఈ సందేశం ఆగింది, సరిచూస్తున్నాం" అని కనబడుతుంది.

మీ సందేశాన్ని మళ్ళీ నడిపించాను. తొమ్మిదో పేరాలో ఆగింది. కారణం: కంచె తెరిచారు, చివరిదాకా మూయలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ప్రభువు సెలవిస్తున్నాడు: < నీ ఇంట అన్నం తిన్న చెయ్యే నీ నోరు మూస్తుంది. ఆ చెయ్యి ఎండిపోతుంది, దాన్ని పట్టుకున్నవాడు వర్ధిల్లడు. ఆ ఇంట దీపం వెలగదు. ఇది విని కూడా లేవని సంఘమా, నీకు నేను చెప్పవలసింది చెప్పాను. ఇట్లు మీ సేవకుడు బంగార్రాజు."

మీ సంతకం కూడా కంచె లోపలే ఉంది, మావయ్యా.

సంతోష్ పక్కనే ఉన్నాడు. "ఒక గుర్తు పెట్టేసి వొదిలీవే. పెద్దాయన కోపం సల్లారుతాది" అన్నాడు. "ఎక్కడ పెట్టమంటావు?" అని తెర అతని వైపు తిప్పాను. చదివాడు. టీ తెస్తానని వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు.

ఆ గుర్తు పెట్టడానికి నాకు ఒక్క మీట నొక్కితే చాలు. కానీ నేను ఎక్కడ మూసినా, దేవుడి మాట ఇక్కడి దాకా, మావయ్య మాట ఇక్కడి నుంచి అని నేను తేల్చినట్టు అవుతుంది. ఆ అధికారం నాకు లేదు. ప్రోగ్రాంకూ లేదు. అది మీరు చెప్పాలి. ఏ అధ్యాయం, ఏ వచనం, ఎక్కడ ముగుస్తుంది? రాయండి, అక్కడే మూస్తాను. ఎండిపోయే చెయ్యి నాదే అని తెలిసినా మూస్తాను.

ఆదివారం వస్తున్నాను. అమ్మ, సంతోష్ కూడా వస్తామన్నారు, వద్దన్నాను. మీరు నా పేరు చదివితే నేను ఎదురుగా ఉండటం మర్యాద. ఒకవేళ రావద్దనుకుంటే రాజ్యం గారి బూత్ నుంచి నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్‌కు ఫోన్ చేయించండి.

మీ
కీర్తి


చోడవరం,
3-3-1999

ప్రియమైన కీర్తీ,

శనివారం రాజ్యం చేత ఫోన్ చేయించి నిన్ను రావద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. చెప్పే ధైర్యం అప్పటికి లేదు.

నీ ఉత్తరం గురువారం అందింది. మొదట, ఇదీ నాటకమే అనుకున్నాను. నా నోటుపుస్తకం తీశాను. అందులోనూ కంచె మూయలేదు. సరే, తొందరలో మరిచాను, వచనం చూసి మూస్తే సరిపోతుంది అని గ్రంథం తెరిచాను. ఆ మాట ఎక్కడో చదివానని నా మనసు ప్రమాణం చేస్తోంది. శుక్రవారం సాయంత్రం దాకా వెతికాను, మూడు అనువాదాల్లో. లేదు.

మీ అత్తను అడిగాను, "ఆ ఎండిపోయే చెయ్యి మాట ఎక్కడుంది?" అని.

"మీకు తెలీనిది నాకేటి తెలుస్తాది?" అంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "పక్కింటి సత్తిబాబు ఆరాధనకి రావడం మానేసినప్పుడు మీరే కదా అన్నారు. అంతకుముందు మీ తమ్ముడితో మాటలు పోయినప్పుడూ అదే అన్నారు. సెయ్యెత్తి."

చెయ్యెత్తి. ఆ మాట విన్నాక పాత నోటుపుస్తకాలు దింపాను. నీ ప్రోగ్రాంలాగే నేనూ ఒక్కో కంచె దగ్గర ఆగి చూశాను. నా మీదకు ఎవరైనా వచ్చిన ప్రతిసారీ ఒక కంచె ఉంది. వాటిలో గ్రంథంలో లేనివి ఇప్పటికి పద్నాలుగు. ఇంకా ఆరు పుస్తకాలు చూడాలి. నీ కంప్యూటర్ మింగింది, తెల్లపేజీ ఇచ్చింది, చివరికి నువ్వు ఆపి చెప్పావు. నన్ను ఇరవై రెండేళ్లు ఎవరూ ఆపలేదు. ఆపేవాళ్లను ఎలా భయపెట్టాలో నాకు బాగా తెలుసు.

ఆదివారం మన ఆరాధన షెడ్డు నిండింది. శ్యాంప్రసాద్ గారూ, ఇంకో ఇద్దరు పెద్దలూ ముందు వరుసలో కూర్చున్నారు. నీ పేరు చదవడానికి రాసిన కాగితం జేబులోనే ఉంది. తియ్యలేదు. తొమ్మిదో పేరా చదివి, "ఇది దేవుడి మాట కాదు, నాది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి" అన్నాను. అంతకంటే గొప్పగా ఏమీ చెప్పలేదు.

ఎవరో దగ్గారు. వెనక నుంచి చిన్నమ్మి లేచింది. నీకు గుర్తుందా, ఊడ్చి చాపలు వేసే చిన్నమ్మి. ఆమె కొడుకు తన పెళ్లిలో నన్ను ప్రార్థనకు పిలవకుండా ఇంకొకరిని పిలిచాడని ఆరేళ్ల కిందట నేను మండిపడ్డాను.

"అయ్యగారూ, కొడుకు గుమ్మం తొక్కితే నీకు రక్షణ నేదని సెయ్యెత్తి సెప్పేరు కదా. అది ఆయన మాటా, మీ మాటా?"

"నాదే" అన్నాను.

"ఆరేళ్లు అయిపోనాది బాబూ" అంది. తిట్టలేదు. చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. కిటికీలోంచి చూస్తే రోలుగుంట ఆటో ఎక్కుతోంది. కొడుకు ఉండేది అక్కడే.

ముఖ్య సందేశం సంతోష్‌కుమార్‌కు ఇచ్చారు. శ్యాంప్రసాద్ గారు బాధపడుతూనే చెప్పారు. నేను సరే అన్నాను. నిజం చెప్పాలంటే ఇంకా కడుపు మండుతూనే ఉంది. ఆ మంటను మాత్రం దేవుడి కోపమని పిలవను.

నువ్వు అడిగినదానికి జవాబు: మూయవద్దు. ఆ తెరిచిన గుర్తే తీసెయ్యి. "ప్రభువు సెలవిస్తున్నాడు" అన్న మాట కూడా తీసెయ్యి. మిగిలిందంతా మామూలు అక్షరాల్లో నా పేరు మీద ఉంచు. ఎవరన్నారో తెలియాలి. నీ చెయ్యి గురించి నేనన్న మాటకు క్షమాపణ ఉత్తరంలో అడిగితే సరిపోదు. పెళ్లికి ముందు వచ్చి మీ ఇద్దరి ఎదుట అడుగుతాను.

చిన్నమ్మి ఇంకా తిరిగి రాలేదు. రేపు పొద్దున్న బస్సుకు రోలుగుంట వెళ్తున్నాను. ఆమె కొడుకు నన్ను గుమ్మంలోకి రానిస్తాడో లేదో తెలియదు. గ్రంథం చేతపట్టుకుని వెళ్ళడం లేదు. అది చేతిలో ఉంటే నేను చెప్పేది కూడా అందులోదే అనుకుంటారు.

నీ క్షమాపణకు ఇంకా తగని,
మావయ్య
బంగార్రాజు