మూడు రోజుల మామిడికాయ

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చి ఎగ్గొట్టి చండ్రుగొండ అవతల గూడెంలో ఉండే నాగక్క దగ్గరికి వెళ్లాను. రవీందర్‌తో కలిసి చేస్తున్న మా ఫోన్ గేమ్‌లో అడవి దారి చూపే పెద్దమ్మకు ఆమె గొంతు కావాలి. పండుగ చేసి దేవతకు పెట్టేదాకా వాళ్ల ఊళ్లో కొత్త మామిడికాయ ఎవరూ కొరకరు. కొరికితే ఊరంతటికీ కీడట. గొంతు ఇస్త గానీ, నీ ఆటల గూడ ఎవ్వరు ముందుగాల తినొద్దు బిడ్డా, మాటియ్యి అన్నది. ఇచ్చాను.

ఫిబ్రవరి 11

రవీందర్‌కు చెప్పాను. కాయ కోశాక, పండుగ అయ్యేదాకా ప్లేయర్ మూడు రోజులు ఆగాలి. గేమ్ రోజులు కాదు, నిజం రోజులు. కోడ్ రాసేది అతనే కాబట్టి తిట్టే హక్కూ అతనిదే. ఏంది ఆరాధనా, ఆడనియ్యకుండ ఆపే ఆట ఎవడన్న జేస్తడా అన్నాడు. ఎవరూ చెయ్యరు కాబట్టే మనం చేద్దాం అన్నాను. చెప్పాక నాకు నేనే తెగ నచ్చాను.

జూన్ 14

రిలీజ్.

జూన్ 19

ఒకామె రివ్యూ రాసింది. మూడు రోజులు ఆగి తింటే ఆ కాయ పులుపు నోటికి తెలిసిందట. చదివి ఏడ్చాను.

మిగతా వాళ్లంతా బగ్ అనుకున్నారు. వందలో తొంభై మంది కాయ దగ్గరే అన్‌ఇన్‌స్టాల్ చేశారు. ఆ ఒక్క రివ్యూ చూపిస్తే రవీందర్ అన్‌ఇన్‌స్టాల్‌ల లెక్క చూపించాడు.

జూన్ 28, ఉదయం

రవీందర్ ఈ గేమ్ కోసం ఉద్యోగం మానేసి ఏడాదిన్నర. వాళ్లావిడ భవాని ఫోన్ చేసింది. తిట్టినా బాగుండేది. ఆయన అన్నం సక్కగ తింటలేడక్కా, ఏమన్న జెయ్యరాదా అన్నది.

సాయంత్రం

మూడు రోజులు ఆగకుండా దాటేసే స్కిప్ బటన్ పెట్టమని రవీందర్‌కు చెప్పాను. ఫిబ్రవరిలోనే రాసి దాచుకున్నాడట.

జులై 12

జనం ఆడుతున్నారు. రవీందర్ నవ్వుతున్నాడు. బటన్ నొక్కగానే నాగక్క గొంతు మాట మధ్యలో తెగిపోతుంది. ఆగు బిడ్డా, ఇంక పండుగ గా... అంతే.

జులై 21

నాగక్క ఏదో సర్కారు ఆఫీసులో పనుండి భద్రాచలం వచ్చి, మా రూముకీ వచ్చింది. చాయ్ తాగుతూ అడిగింది, మన కాయ ఎవ్వరన్న ముందుగాల తిన్నరా అని. లేదక్కా అన్నాను. గట్లనా, పట్నపోళ్లు గూడ మంచోళ్లే అని మురిసిపోయింది.

ఆమె బస్సు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. అప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గుగా ఉంది.

జులై 26

నా గేమ్ నేనే మొదటి నుంచి మొదలుపెట్టాను. కాయ కోశాను. కనీసం నేనైనా మూడు రోజులూ ఆగుతాను.

జులై 27, మధ్యాహ్నం

స్కిప్ నొక్కేశాను.