అత్తయ్యకు తెలియని పదవీ విరమణ

మార్చి 9

అత్తయ్యకి,

నీ బుడంకాయ నమస్కారాలు. ఈరోజు మొదటి వింత నీ వంటింట్లోనే చూశాను. పొద్దున వస్తే నువ్వు బజారుకెళ్లావట, పక్కింటావిడ తలుపు తీసింది. పొయ్యి మీద గిన్నె ఇంకా వెచ్చగా ఉంది. మూత తీస్తే నీళ్లలో నాలుగు లావుపాటి తీగలు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. మంచం మీద నీ బేస్ గిటారు ఒక్క తీగ కూడా లేకుండా పడుంది. మూత పెట్టేసి వచ్చేశాను.

నిన్ను బాధపెట్టే ప్రశ్నలు అడగను. కానీ కాలేజీ సంచికకి ఒక కళాకారిణి జీవితం మీద వ్యాసం రాస్తానని మాస్టారికి మాటిచ్చాను. జాజ్ బృందంలో ముప్పై ఒక్క ఏళ్లు బేస్ వాయించిన మనిషి నాకు నువ్వొక్కదానివే తెలుసు. ఎలా మొదలుపెట్టావు, ఏం సాధించావు, ఇప్పుడు మనసులో ఏముంది, ఈ మూడూ రాయి. ఫోనులో వద్దు. చేతిరాత ఉంటే ఆధారంగా ఉంటుందని మాస్టారు అన్నారు.

నీ మేనకోడలు

తా.క.: మూడో ప్రశ్నకి జవాబు రాయలేకపోతే ఖాళీ వదిలెయ్యి. ఖాళీని కూడా నేను అర్థం చేసుకోగలను.

మార్చి 11

బుడంకాయకి బోలెడు దీవెనలు.

మొదలుపెట్టడానికేముంది. మా వీధిలో ముగ్గురు కలిసి బృందం పెట్టారు. నేను వెళ్లేసరికి పియానో, డ్రమ్స్, శాక్సఫోన్ పంచేసుకున్నారు. ఎవరికీ అక్కర్లేని బేస్ ఒకటి మూలన మిగిలింది. "నాలుగే తీగలు, ఇట్టే వచ్చేస్తుంది" అన్నాడు పియానో వాడు. ఇంకా వస్తూనే ఉంది.

సాధించిందంటావా, పాట ఎంత వేగంగా నడవాలో, ఎక్కడ మలుపు తిరగాలో కింది స్వరాల్లో నేను చెబుతుంటాను, పైన వాళ్లు తిరుగుతుంటారు. చప్పట్లు శాక్సఫోన్‌కి. నేను ఒంటరిగా వాయించే వంతు వస్తే జనం విరామం అనుకుని కబుర్లు మొదలెడతారు. మా వాళ్లూ తక్కువేం కాదు. డ్రమ్స్ వాడు మంచినీళ్లకి లేస్తాడు, పియానో వాడు కళ్లద్దాలు తుడుచుకుంటాడు. ఇన్నేళ్లలో నన్ను మొదటి నుంచి చివరి దాకా విన్నది హాలు కాపలాదారు ఒక్కడే. పాపం, అతను తలుపు దగ్గర్నుంచి కదలకూడదు.

మనసులో ఏముందంటే, నడుం నొప్పి ఉంది. పెద్ద ఆంప్లిఫైయర్ ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాను.

మీ అత్త

తా.క.: గిన్నె మీద మూత తిరగేసి పెట్టి వెళ్లావు.

మార్చి 14

ప్రియమైన అత్తయ్యకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "ఇచ్చేద్దాం" అన్న చోట నీ పెన్ను కాస్త ఆగింది. నేను గమనించాను.

వ్యాసం పూర్తయింది. చివరి పేరా నీకిప్పుడు చూపించను, తట్టుకోలేవు. వివరాలు సరిచూడమని పియానో మావయ్యకి ఒక ప్రతి పంపాను. వెంటనే జవాబు రాశారు: "మీ అత్త మాకు ఒక్క మాటైనా చెప్పలేదు. సరేలేమ్మా, చేయవలసింది మేం చేస్తాం." ఎంత సంస్కారమో చూడు.

నీ మేనకోడలు

తా.క.: "హృదయవిదారకం" అన్న మాట నాలుగుచోట్ల ఉందని మాస్టారు విసుక్కున్నారు. మూడు తీసేశాను.

మార్చి 17

బుడంకాయకి,

వ్యాసం సంగతి తర్వాత. నన్ను బృందంలోంచి తీసేశారు.

నిన్న సాయంత్రం ముగ్గురూ కలిసి ఒక పడక్కుర్చీ మోసుకుని వచ్చారు. "ఇక హాయిగా విశ్రాంతి తీసుకో, మేం అర్థం చేసుకున్నాం" అన్నాడు పియానో వాడు.

"ఏం అర్థం చేసుకున్నారు?" అన్నాను.

"నువ్వేం చెప్పక్కర్లేదు" అన్నాడు.

డ్రమ్స్ వాడు ముక్కు చీదుకున్నాడు. శాక్సఫోన్ ఆవిడ నా చెయ్యి వదల్లేదు. కొత్త మనిషి కోసం అప్పుడే ప్రకటన కూడా ఇచ్చారట. నా వేళ్లు మందగించి ఉంటాయి, మొహం మీద చెప్పలేక కుర్చీ తెచ్చారు అనుకున్నాను. వాళ్లు అంత మర్యాదగా ఉంటే నేనెలా పోట్లాడను? థాంక్స్ చెప్పి పంపించాను.

వాళ్లు వెళ్లాక బేస్ తీసి గంటసేపు వాయించుకున్నాను. ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పుంటే సరిదిద్దుకునేదాన్ని. ఆ ముగ్గురితో కలిసి వాయించకుండా వారం ఎలా గడపాలో నాకు తెలియదే.

మీ అత్త

తా.క.: కుర్చీ చాలా సుఖంగా ఉంది. అందులో కూర్చునే ఇది రాస్తున్నాను. కోపం నిలవడం లేదు, అదొక బాధ.

మార్చి 19

అత్తయ్యా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. మందగించింది నీ వేళ్లు కాదు, నా బుర్ర.

తీగలు పీకేసిన బేస్‌ని గంటసేపు ఎలా వాయించావా అని అనుమానం వచ్చి సంగీత వాయిద్యాల దుకాణానికి వెళ్లాను. పాత తీగల జిడ్డు వదిలి మళ్లీ ఖంగుమనాలంటే నీళ్లలో మరిగిస్తారని దుకాణం ఆయన చెప్పాడు. "నువ్వేమనుకున్నావమ్మా?" అని అడిగాడు. చెప్పలేదు. నీకు చెబుతున్నాను. నువ్వు వాయించడం మానేశావనుకున్నాను. వ్యాసంలో అలాగే రాశాను. మావయ్య అదే చదివారు.

ఆయనకి క్షమాపణ రాసి కవరులో పెట్టాను. నువ్వు సరేనంటే పోస్టు చేస్తాను. సంచిక ఇంకా అచ్చుకి వెళ్లలేదు.

తలదించుకున్న బుడంకాయ

తా.క.: మిగిలిన ఒక్క "హృదయవిదారకం" కూడా కొట్టేశాను.

మార్చి 21

బుడంకాయకి,

ముందు తిట్టుకున్నాను, తర్వాత నవ్వుకున్నాను. ఆ క్షమాపణ ఇప్పుడే పోస్టు చేయకు.

నిజం చెప్పేద్దామని చెప్పులు వేసుకుంటుంటే పియానో వాడే గుమ్మంలోకి వచ్చాడు. కొత్త మనిషిని ఎంచుకోవడానికి రేపు పొద్దున పదింటికి పరీక్ష పెట్టారట. ఆరుగురు వస్తున్నారు. బేస్ మంచిచెడ్డలు వాళ్లకి తెలియవు కనుక నన్నే న్యాయనిర్ణేతగా కూర్చోమన్నాడు.

"ఒక్కొక్కరూ పది నిమిషాలు ఒంటరిగా వాయిస్తారు. మేం ముగ్గురం కదలకుండా, మాట్లాడకుండా వింటాం" అన్నాడు.

నాలుక చివరి దాకా వచ్చిన నిజం అక్కడే ఆగిపోయింది. ఆ ముగ్గురూ కదలకుండా బేస్ వినడం ముప్పై ఒక్క ఏళ్లలో ఇదే మొదటిసారి. ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. సరే అన్నాను. వాడు పేర్ల జాబితా ఇచ్చి వెళ్లాడు. ఆరు పేర్ల కింద ఏడోది నేను రాశాను.

ఎవరైనా నాకంటే బాగా వాయిస్తే వాళ్ల పేరే చెబుతాను, మాట తప్పను. లేకపోతే మా వాళ్లు విన్నాక నిజం చెబుతాను. అంతవరకు నువ్వు నోరు మెదపకు. పోస్టులో అందదని ఈ ఉత్తరం మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను.

మీ అత్త

తా.క.: రేపు ఎనిమిదింటికల్లా వచ్చెయ్యి. ఏడో నంబరావిడ కంగారులో ఇప్పటికే నాలుగుసార్లు శ్రుతి సరిచూసుకుంది, బేస్ మోయడానికి మనిషి కావాలి. న్యాయనిర్ణేత మాత్రం నిబ్బరంగానే ఉంది.